మీ గంటం - మా రంపె

రంపె అంటే ఏమిటని తెలుగు చదువుకున్నవాళ్ళని అడిగి చూడండి. నేను అడిగాను. టీచర్ల మీటింగులకొచ్చే తెలుగు పండితుల్ని అడిగాను, డిగ్రీ చదివే మా వాడ పిల్లల్ని అడిగాను, ఇద్దరు ముగ్గురు కవుల్ని కూడా అడిగాను. ఎక్కువమంది రంపం అనుకున్నారు. ఒకాయనైతే 'రంపె కాదు మాస్టారూ, రంపం అనాలి, వడ్రంగిది' అని నా తెలుగును దిద్దాడు. అదే మనుషుల్ని గంటం అంటే ఏమిటని అడిగితే ఒక్కరూ తడుముకోలేదు. తాటాకు మీద రాసే ఇనప పుల్ల అన్నారు. ఒకాయన ఇంకా ముందుకెళ్ళి కవిత్రయం, తాళపత్రం, సరస్వతి అన్నాడు. వీళ్ళలో ఎవరూ గంటాన్ని చేత్తో పట్టినవాళ్ళు కారు. రంపె మటుకు ఇవాళ్టికీ ఏ ఊరి బస్టాండు దగ్గరైనా చెప్పులు కుట్టే మనిషి మోకాళ్ళ ముందు ఉంటుంది. చెప్పు తెగినప్పుడు ఒంటికాలి మీద నిలబడి దాన్ని చూస్తూనే ఉంటారు. పేరు అడగరు.

మాది నాతవరం. నర్సీపట్నానికీ తునికీ మధ్య, తాండవ రిజర్వాయరు వైపు. 2022 దాకా విశాఖపట్నం జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. గవర్నమెంటు బడిలో టీచర్ని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. మా తాత తోళ్ళు పదును చేసేవాడు, చెప్పులు కుట్టేవాడు. మా నాన్న కొన్నాళ్ళు కుట్టాడు, గిట్టుబాటు కాక జీడితోటల్లో కూలికెళ్ళాడు. గుంటూరు, ప్రకాశం వైపులాగా మా ఉత్తరాంధ్రలో మాదిగలకు పెద్ద పెద్ద గూడేలు ఉండవు. ఊరికి రెండిళ్ళు, నాలుగిళ్ళు. అందుకే మా పని మాటలు మా గుమ్మాలు దాటి బయటికి రాలేదు. తాత పోయాడు. ఆయన మాటలు కొన్ని మామ్మ దగ్గరున్నాయి. ఆమెకు గుర్తున్నంత వరకే.

రంపె ఎలా ఉంటుందో చెప్తాను. అరచేతిలో సగం వెడల్పున్న ఇనప రేకు. కొస నెలవంకలా విచ్చుకుని పదునుగా ఉంటుంది. వెనక్కి పోనుపోను సన్నబడి కాడవుతుంది. ఆ కాడకు కొందరు కర్రపిడి పెట్టుకుంటారు, కొందరు గుడ్డ చుట్టుకుంటారు. మా ఇంట్లోది గుడ్డ చుట్టింది. బయటివాళ్ళు దాన్ని కత్తి అంటారు. మాకు కత్తి వేరే ఉంది, అది తోలు ఒలిచేది. ఆరె వేరే ఉంది, అది బెజ్జం పొడిచేది. రంపెతో కోస్తారు, అంచు చెక్కుతారు. కానీ మా ఇంట్లో దాని అసలు పని గీకడం.

తోలు తెచ్చాక సున్నపు నీళ్ళలో నానేస్తారు. సున్నం వెంట్రుక కుదుళ్ళను వొదులు చేస్తుంది. నానిన తోలును నున్నటి దుంగ మీద పరిచి బొచ్చు వైపు గీకుతారు. తర్వాత తిరగేసి మాంసం వైపు గీకుతారు. ఈ రెండోదే కష్టం. కొవ్వో పొరో ఎక్కడన్నా మిగిలిందా, అక్కడ చెక్కనీళ్ళు దిగవు, తోలు కుళ్ళుతుంది. మరీ లోతుకు పోయిందా, గాటు పడుతుంది, ధర సగానికి పడిపోతుంది. సున్నం పోయేదాకా కడిగి తంగేడు చెక్క నానేసిన నీళ్ళలో ఊరబెడతారు. తోలునే సంచిలా కుట్టి, లోపల చెక్కనీళ్ళు పోసి వేలాడదీసే పద్ధతి కూడా ఉంది. చివర కరక్కాయ. ఒకప్పుడు మద్రాసు రేవునుంచి ఓడలెక్కి సీమకు పోయిన తోళ్ళు చాలామటుకు ఇట్లా తంగేడు చెక్కతో పదునైనవే. అక్కడి మార్కెట్లో వాటిని ఈస్టిండియా తోళ్ళు అనేవాళ్ళు. కంపెనీ పేరు మిగిలింది. గీకినవాళ్ళ పేరు ఏ ఓడ లెక్కల్లోనూ ఉండదు.

గీకడానికి చెయ్యి ఒక్కటే చాలదు, చెవి కూడా కావాలనేది మా మామ్మ. 'సప్పుడు మారిపోద్దిరా గుంటడా. కొవ్వు మీదుంటే ఒక సప్పుడు, తోలు మీదికొచ్చేత్తే ఇంకో సప్పుడు. అప్పుడు సెయ్యి ఆపీయాల.' ఒలుచుకొచ్చేది తాత, కుట్టేది తాత. గంటలకొద్దీ నడుం వొంచి గీకింది మామ్మ. నిఘంటువుల్లో మాత్రం చర్మకారుడే ఉంటాడు. మా మామ్మకు అందులో ఆడమాట కూడా లేదు.

మాట ఎక్కణ్ణుంచి వొచ్చిందో కొంత వెతికాను. పన్నెండో శతాబ్దంలో గుజరాతులో హేమచంద్రుడనే జైన పండితుడు ప్రాకృతానికి వ్యాకరణం రాశాడు. సంస్కృతంలో చెక్కు, పలచన చెయ్యి అనే అర్థమిచ్చే 'తక్ష్' ధాతువుకు ప్రాకృతంలో 'రంప' అనే రూపం కూడా వస్తుందని అందులో చెప్పాడు. గుజరాతు రైతు కలుపు గీకే సాధనాన్ని రాంప్ అంటాడు. హిందీ మోచీ చేతిలోది రాంపీ, మరాఠీలో రాపీ. మన రంపె ఆ ఇంటిదే. పాత నిఘంటువులు బండి ఱ పెట్టి ఱంపము అని రాసే వడ్రంగి రంపం కూడా దీనికి చుట్టమే అని నాకనిపిస్తుంది. అట్లా చూస్తే నా తెలుగు దిద్దిన పెద్దమనిషి తన రంపాన్ని వెనకేసుకొచ్చి దాని తోబుట్టువును గుమ్మంలోనుంచే తరిమేశాడన్నమాట. తక్ష్ నుంచి తక్షకుడు వొచ్చాడు, అంటే వడ్రంగి. ఆయనకు విశ్వకర్మ అని ఒక దేవుడున్నాడు, మెళ్ళో జంధ్యం ఉంది. అదే చెక్కుడు పని తోలు మీద చేసినవాళ్ళకు ఊరవతల జాగా చూపించారు. చేతిపనిలో తేడా లేదు. ఏ సరుకు ముట్టుకున్నావన్నదే లెక్క.

ఇప్పుడు గంటం సంగతి చూద్దాం. తాటాకును ఉడకబెడతారు, ఆరబెడతారు, నున్నగా రుద్దుతారు. అప్పుడు ఇనప మొనతో గీస్తారు. గీసినప్పుడు అక్షరం సరిగ్గా కనపడదు. మసి పూసి తుడిస్తే ఆ గాట్లలో మసి నిలబడి అక్షరం తేలుతుంది. అంటే రాయడం మొదట్లో గీకడమే. ఇంగ్లీషు 'రైట్' అనే మాటకు పాత అర్థం గీరడం. గ్రీకుల 'గ్రాఫ్' కూడా అంతే. మన 'వ్రాయు', కన్నడ 'బరె', తమిళ 'వరై' అక్కచెల్లెళ్ళు, వరై అంటే గీత గియ్యడం కూడా. తెంపుకొచ్చిన ఆకును పదును చేసి ఇనుముతో గీకితే విద్య. చచ్చిన పశువు తోలును పదును చేసి ఇనుముతో గీకితే మైల. ఆకు గీకినవాడికి అగ్రహారం, తోలు గీకినామెకు వెలివాడ.

సీమ దేశాల్లో ఇంకో సంగతి ఉంది. అక్కడి మఠాల్లో సన్యాసులు బైబిలు రాసుకున్నది తోలు మీద. దూడ తోలు, మేక తోలు, గొర్రె తోలు. సున్నంలో నానేసి, చట్రానికి బిగించి, గీకి గీకి కాగితంలా చేసేవాళ్ళు. ఆ గీకే కత్తి నెలవంక ఆకారంలోనే ఉంటుంది. లాటిన్లో దాని పేరు లూనెల్లమ్, చంద్రుడి పేరు మీద. యూదుల ధర్మగ్రంథం ఇవాళ్టికీ గీకిన తోలు మీదే రాస్తారు, పవిత్రంగా చూసుకుంటారు. తోలు గీకడం పుట్టుకతోనే నీచమైన పని అనేవాళ్ళకు ఇది చెప్పాలి. నీచం తోల్లో లేదు, రంపెలో లేదు, సున్నంలో లేదు. మనుధర్మం ఈ దేశంలో దాన్ని తెచ్చి అక్కడ పెట్టింది.

గంటం పట్టినవాళ్ళందరూ కవులు కారన్నది కూడా గుర్తుంచుకోవాలి. తిక్కన భారతం చెప్తుంటే రాసినవాడు కుమ్మరి గురునాథుడని కథగా చెప్పుకుంటారు. కథే కావొచ్చు. కానీ ఆ కథలో కూడా చెయ్యి శూద్రుడిది, పేరు ఇంకొకరిది.

రాయడమూ గీకడమూ ఒకటేనని నాతో మొదట అన్నది ఒక లెక్చరరు. ఆయన అన్నది వేరే ఉద్దేశంతో. డిగ్రీలో పరీక్ష పేపర్లు పంచుతూ నా పేపరు పైకెత్తి చూపించి 'ఏమిటయ్యా ఈ గీకుడు? రాయమంటే తోలు గీకినట్టు గీకావు' అన్నాడు. క్లాసంతా నవ్వింది. నా దస్తూరి అందంగా ఉండదు, ఇప్పటికీ అంతే. ఆయనకు నా కులం తెలుసో లేదో నాకు తెలీదు. స్కాలర్‌షిప్పు లిస్టులో చూసే ఉంటాడు. తెలిసి అని ఉంటే అది ఒక మనిషి కుళ్ళు. తెలీకుండా అని ఉంటే ఇంకా పెద్ద సంగతి, ఎందుకంటే అప్పుడు ఆ పోలికను ఆయన నోటికి అందించింది తెలుగు భాష. ఈ వ్యాసం రాస్తున్నది ఆ రెండోదాని గురించి.

తెలుగులో గీకు అనే మాట ఎక్కడెక్కడ పడుతుందో చూడండి. బొమ్మ బాగుంటే గీశాడంటారు, బాగోకపోతే గీకాడంటారు. ఫిడేలు అపస్వరం పలికితే గీకాడు. కథ నచ్చకపోతే ఏదో గీకి పారేశాడు. ఎవరికన్నా మనసులో చెడ్డ ఉద్దేశంతో దగ్గరికి పోతే గోకుతున్నాడు. గీయడం కళ అయింది, గీకడం కూలి అయింది, గోకడం బూతు అయింది. ఒక్క ఏటీఎం కార్డు విషయంలోనే గీకడం గౌరవంగా బతుకుతోంది. అక్కడ గీకితే డబ్బులొస్తాయి కదా.

ఇంకా ముందుకెళ్దాం. 'తోలు తీస్తా' అనని తెలుగు మేస్టారు ఉన్నాడా? స్టాఫ్ రూముల్లో రోజుకు పదిసార్లు వింటాను. పోలీసు అంటాడు, సినిమా హీరో అంటాడు, తండ్రి కొడుకును అంటాడు. మా తాత బతుకంతా తోలు తీసిన మనిషి, ఆయన నోట ఈ బెదిరింపు ఎవరూ వినలేదంటుంది మామ్మ. ఎందుకంటే తోలు తియ్యడం ఎంత కష్టమో ఆయనకు తెలుసు. దానికి చచ్చిన పశువు కావాలి, పదునైన కత్తి కావాలి, ఓపిక కావాలి, ముక్కు మూసుకోకుండా ఉండగలగాలి. ఊళ్ళో ఎవరూ చెయ్యమన్న పనిని ఊరంతా నోటితో చేస్తూ ఉంటుంది.

కృతజ్ఞత చెప్పాల్సొచ్చినా అంతే. 'నా చర్మం ఒలిచి మీకు చెప్పులు కుట్టించినా మీ రుణం తీర్చుకోలేను' అంటారు. సన్మాన సభల్లో వినే ఉంటారు. ఆ వాక్యంలో క్రియ చూడండి: కుట్టించినా. కుట్టినా కాదు. చర్మం ఈయనది, కాళ్ళు ఆయనవి. మరి మధ్యలో ఒలిచేదెవరు? సున్నంలో నానేసేదెవరు, గీకేదెవరు, కుట్టేదెవరు? ఆ మనిషిని వాక్యంలోకి రానివ్వలేదు. ఇద్దరు పెద్దమనుషులు ఒకరికొకరు రుణం తీర్చుకోవడానికి కూడా ఒక మాదిగ కావాలి. ఆ మాదిగకు కర్త స్థానం ఇవ్వకుండా ప్రేరణార్థక క్రియ అడ్డం పెట్టారు. వ్యాకరణం క్లాసులో ప్రేరణార్థకం చెప్పేటప్పుడు నేను ఈ వాక్యాన్నే ఉదాహరణ ఇస్తాను.

దీనికి పక్కన కన్నడ శరణుల కథ ఒకటి పెట్టి చూడాలి. పన్నెండో శతాబ్దంలో కల్యాణంలో హరళయ్య అనే సమగార శరణుడు, ఆయన భార్య కల్యాణమ్మ తమ తొడల చర్మం కోసి బసవణ్ణకు చెప్పులు కుట్టారని కథ. బసవణ్ణ వాటిని కాళ్ళకు తొడగలేదు, నెత్తిన పెట్టుకున్నాడు. తర్వాత హరళయ్య కొడుక్కీ, బ్రాహ్మణ శరణుడు మధువరసు కూతురికీ పెళ్ళి చేస్తే బిజ్జలుడు ఆ తండ్రులిద్దర్నీ చంపించాడు. ఈ కథలో భక్తి గురించి నాకు పేచీలున్నాయి. మా చర్మమే ఎందుకు తెగాలి అన్నది పెద్ద పేచీ. కానీ ఒకటి ఒప్పుకోవాలి. ఇక్కడ చర్మం కోసినవాళ్ళే పదును చేశారు, వాళ్ళే కుట్టారు, మొగుడూ పెళ్ళాం కలిసి కుట్టారు. మన సన్మాన సభల వాక్యం ఈ కథలోంచే జారిపడిందేమో. జారిపడేటప్పుడు హరళయ్యనూ కల్యాణమ్మనూ వొదిలేసి చెప్పులు మాత్రం తెచ్చుకుంది.

సాహిత్యం సంగతికొస్తాను. కాళిదాసు మేఘం చేత సందేశం పంపితే జాషువా 1941లో గబ్బిలం చేత పంపించాడు. మేఘాన్ని పిలిచినవాడు యక్షుడు, గబ్బిలాన్ని పిలిచినవాడు అరుంధతీ సుతుడు, మా వాడు. తెలుగు కావ్యం నడిమధ్యలో మాదిగను నాయకుడిగా కూర్చోబెట్టిన ఆ పనికి ఎవరూ సాటి రారు. జాషువాను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. నా ఫిర్యాదు ఆ కావ్యాన్ని మనకు పాఠం చెప్పినవాళ్ళ మీద. వాళ్ళు మనకు నాయకుడి కన్నీళ్ళు చూపించారు, ఆకలి చూపించారు, కరుణ రసమని పేరు పెట్టి మార్కులేశారు. ఆయన పొద్దంతా చేతుల్తో ఏం చేస్తాడో, ఏ పనిముట్టు పడతాడో ఒక్క క్లాసులోనూ మాట్లాడలేదు. ఏడ్చే మాదిగ తెలుగు క్లాసులో ఇముడుతాడు. పని తెలిసిన మాదిగ ఇమడడు, ఎందుకంటే అప్పుడు మేస్టారు కూడా నేర్చుకోవాల్సింది ఉంటుంది.

హిందీలో ధూమిల్ అనే కవి ఉన్నాడు. అసలు పేరు సుదామా పాండే, కాశీ వైపు బ్రాహ్మడు. ఆయన 'మోచీరామ్' కవిత 1972లో వచ్చిన 'సంసద్ సే సడక్ తక్' పుస్తకంలో ఉంది. ఆ కవిత రాంపీతో మొదలవుతుంది. పనిముట్టు మీదనుంచి పైకి లేచిన చూపుతో మొదలవుతుంది. ఆ చూపు జాలి కోరే చూపు కాదు, ఎదుటివాణ్ణి కొలిచే చూపు. చెప్పులు చూసి మనిషిని చదివేస్తాడు మోచీరామ్. ఒక బ్రాహ్మణ కవి బయటనుంచి చూసి ఈ పాటి పట్టుకోగలిగాడు. లోపలున్న మనం రంపెను ఎందుకు వొదిలేశాం?

ఈ ప్రశ్న మనవాళ్ళను కూడా అడుగుతున్నాను. 1995లో 'చిక్కనవుతున్న పాట' వచ్చినప్పటినుంచి మన కవిత్వం నిండా డప్పే. 1994లో ఈదుమూడిలో మొదలైన ఉద్యమానికి దండోరా అనే పేరు పెట్టుకున్నాం, అదీ డప్పు మాటే. తప్పు లేదు. చావుకీ చాటింపుకీ వాయించమన్న డప్పును తిరుగుబాటుకు వాయించాం. 1997లో నాగప్పగారి సుందర్రాజు తిట్టుమాటనే పుస్తకం పేరుగా పెట్టి 'మాదిగోడు' అని అట్టమీద అచ్చేశాడు. 2000లో చిన్న వయసులోనే పోయాడు గానీ ఆ అట్ట చూసి తలెత్తుకున్న పిల్లల్లో నేనూ ఒకణ్ణి. అయితే డప్పు గురించి ఇన్ని కవితలు చదివాక నాకొక అనుమానం వొచ్చింది. డప్పు నలుగురిలో మోగుతుంది, మోగించేవాడు మగవాడు. ఆ తోలును ముందు పలచగా, అన్ని పక్కలా ఒకే మందంగా గీకాలి. ఒకచోట మందంగా ఒకచోట పలచగా ఉంటే ఎంత మంట చూపినా అది బొంగురుగానే పలుకుతుంది. ఆ గీకుడు ఇంటి వెనకాల, ఎవరూ చూడనిచోట, ఎక్కువగా ఆడవాళ్ళు చేశారు. చప్పుడు చేసే పనిముట్టును ఎత్తుకున్నాం. చప్పుడు వినాల్సిన పనిముట్టును వొదిలేశాం. మా మామ్మ చెవి మన కవిత్వంలోకి రాలేదు.

కంచ ఐలయ్య 2009లో ఇంగ్లీషులో వేసిన 'పోస్ట్ హిందూ ఇండియా' పుస్తకంలో మాదిగల్ని అట్టడుగు శాస్త్రవేత్తలన్నాడు. చదివి సంతోషపడ్డాను. తోలును కుళ్ళకుండా ఆపడం రసాయన శాస్త్రమే, సందేహం లేదు. కానీ బిరుదు ఇచ్చినంత మాత్రాన సరిపోదు. శాస్త్రమంటే మాటలుండాలి. ఎంత సున్నం, ఎన్ని రోజులు, ఏ గుర్తు చూసి ఆపాలి, ఏ చప్పుడుకు చెయ్యి ఎత్తాలి, వీటన్నిటికీ మా వాళ్ళకు మాటలున్నాయి. వాటిని రాసుకోకపోతే శాస్త్రవేత్త అనేది ఇంకో పొగడ్త అవుతుంది.

చర్మ శాస్త్రవేత్త అనగానే చదువుకున్న తెలుగువాళ్ళకు గుర్తొచ్చే పేరు యలవర్తి నాయుడమ్మ. గుంటూరు జిల్లా రైతు కుటుంబంలో పుట్టి మద్రాసులోని కేంద్ర చర్మ పరిశోధనా సంస్థను ప్రపంచంలో పేరున్న సంస్థగా నిలబెట్టినాయన. 1985లో కనిష్క విమానం పేలుడులో పోయాడు. తోలు పని చేసేవాళ్ళ బాగు కోసం ఆలోచించిన పెద్దమనిషి, ఆయన్ని గౌరవిస్తాను. నేను చెప్పేది ఆయన గురించి కాదు, మాట గురించి. అదే తోలును ఆయన ముట్టుకుంటే చర్మ సాంకేతికం అనే మాట వొచ్చింది, పద్మశ్రీ వొచ్చింది. మా తాత ముట్టుకుంటే మాదిగ అనే మాట ఒక్కటే వొచ్చింది. ఇప్పుడు రాణిపేటలో, వాణియంబాడిలో, కాన్పూరులో మాంసం వైపు గీకడానికి మిషన్లున్నాయి. మిషనును ఎవరూ అంటరానిది అనలేదు.

మన భాషా శాస్త్రజ్ఞులు ఒక మంచి పని చేశారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఊళ్ళు తిప్పించి మాటలు సేకరించి మాండలిక వృత్తి పదకోశం తెచ్చారు. 1962లో వ్యవసాయం, 1971లో చేనేత. ఆ సంపుటాలు నా బల్లమీదే ఉంటాయి, వాటిని చూసే నాకు ఈ పని చెయ్యొచ్చునని తెలిసింది. ఒక్కొక్క నాగలి భాగానికి జిల్లా జిల్లాకూ ఎన్ని పేర్లున్నాయో చూస్తే కళ్ళు తిరుగుతాయి. నాగలికి కట్టిన తోలు వారు ఎవరు కోశారు, దేంతో కోశారు అని అదే శ్రద్ధతో అడగాలన్నది నా కోరిక. బ్రౌను దొర నిఘంటువు 1852లో అచ్చయింది. అప్పటినుంచీ నిఘంటువులకు రంపె లాంటి మాట ఒక పంక్తి పని. ఫలానా కులంవాడి కత్తి అంటే అర్థం చెప్పేసినట్టే. గంటాన్ని బ్రాహ్మడి పుల్ల అని ఎవరన్నా అర్థం రాస్తారా? గంటానికి దాని పనిని బట్టి అర్థం చెప్తారు. రంపెకు పట్టుకున్న చేతిని బట్టి అర్థం చెప్తారు.

గీకే పనిముట్లలో రంపె కన్నా కింద ఇంకొకటుంది. మా ఉత్తరాంధ్రలో రెల్లి అమ్మలు, అయ్యలు మరుగుదొడ్లు ఎత్తిన రోజుల్లో చేతిలో చీపురు, గీకడానికి ఒక రేకు ముక్క. కోలారు బంగారు గనుల్లో ఆ పనికి దిగినవాళ్ళూ మన తెలుగు దళితులే. ఆ ఇళ్ళల్లో పుట్టిన బెజవాడ విల్సన్ దీని మీదే జీవితమంతా పోరాడి 2016లో మెగసెసే అందుకున్నాడు. చేత్తో ఎత్తడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వొచ్చాయి. ఆ రేకుకు తెలుగులో పేరు కూడా లేదు. రేకు అంటే రేకే. రంపెకు పేరు నిలబెట్టాలని నేను కొట్లాడుతున్నాను, దాని వెనక పని తెలివి ఉంది కనక. ఆ రేకుకు పేరు వెతకాలని మటుకు నాకు లేదు. అది లేకుండా పోవాలి. ఈ రెండింటినీ ఒక గాటన కట్టి 'కులవృత్తులు పోవాలి, ఆ మాటలు కూడా పోవాలి' అనే మిత్రులతో నా వాదన ఇదే. వృత్తికి కట్టేసిన తాడు తెగాలి. మా వాళ్ళ బుర్ర కూడా దాంతోపాటు పాతిపెట్టమంటే ఒప్పుకోను.

ఇంకొకటి కూడా చెప్పాలి. 2016 జూలైలో గుజరాతులోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత యువకుల్ని గోరక్షకులు బట్టలూడదీసి కొట్టారు. దేశమంతా చూసింది. నెల తిరక్కుండా ఆగస్టులో మన అమలాపురంలో, కరెంటు షాకుతో చచ్చిన ఆవు తోలు తీస్తున్న మాదిగ అన్నదమ్ముల్ని చెట్టుకు కట్టి కొట్టారు. వెయ్యేళ్ళుగా చచ్చిన పశువును మీరే తియ్యాలని మెడ మీద కత్తిపెట్టి చెప్పిందీ వాళ్ళే, తీస్తే కొట్టిందీ వాళ్ళే. ఊళ్ళో 'తోలు తీస్తా' అని రోజూ అరిచేవాడికి ఏ చెట్టూ లేదు, తాడూ లేదు. నిజంగా తోలు తీసి పొట్ట పోసుకునేవాడికి చెట్టు సిద్ధంగా ఉంది. ఊనా తర్వాత గుజరాతు దళితులు చచ్చిన పశువుల్ని ఎత్తం పొమ్మన్నారు, కళేబరాలు కలెక్టరాఫీసు ముందు పడేశారు. ఆ వార్త మా మామ్మకు చదివి వినిపిస్తే 'మంచి పని సేసినారు. ఆలు ఎత్తుకోనీ, ఎలాగుంటాదో తెల్సొత్తాది' అంది.

బడిలో నేను ఏం చేస్తున్నానో చెప్పి ముగిస్తాను. పనివాళ్ళనూ పనిముట్లనూ జతపరచమని బోర్డు మీద రాస్తుంటాను. కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, సాలె, మంగలి. ఒకప్పుడు ఈ పట్టికలో మా పనివాడు ఉండేవాడు కాదు, ఉంటే అవతల పక్క 'చెప్పులు' అని ఉండేది. అందరికీ పనిముట్టు, మాకు సరుకు. నేను ఆరె, రంపె రెండూ రాస్తాను. మొదటి ఏడాది ఒక కాపుల పిల్ల లేచి రంపె అంటే ఏంటి సార్ అంది. మర్నాడు మా ఇంటినుంచి పట్టుకెళ్ళాను. తోలు లేక చాలా ఏళ్ళయింది కాబట్టి ఆ రంపెతో మామ్మ ఇప్పుడు పెనం మీద మాడు గీకుతుంది. ముందు రోజు రాత్రి గట్టిగా తోమి ఇచ్చింది. పిల్లలందరూ పట్టుకుని చూశారు. ముట్టుకోవడానికి ఎవరూ వెనకాడలేదు. సాయంత్రం ఒక తండ్రి వొచ్చి 'ఇయన్నీ పిల్లలకెందుకు మేస్టారూ' అని అడిగాడు. పరీక్షలో వస్తాయండీ అన్నాను. నేనే పేపరు ఇస్తాను కాబట్టి వచ్చాయి.

ఇప్పటికి నా నోట్సులో నలభై చిల్లర మాటలున్నాయి. తోలుకు ఎన్ని పొరలున్నాయో అన్ని మాటలున్నాయి. సున్నం ఎక్కువైన తోలుకు ఒక మాట, తక్కువైన తోలుకు ఒక మాట. గీకగా వచ్చిన తుక్కును మామ్మ ఒక పేరుతో పిలుస్తుంది, తునిలో ఉన్న మా పెద్దమ్మ ఇంకో పేరుతో పిలుస్తుంది, ఇద్దరూ తమదే సరైనదని ఫోనులో పోట్లాడుకున్నారు. రెండూ రాసుకున్నాను. పుస్తకాల్లో లంద అని ఉండేదాన్ని మా తాత తొట్టి అనే అనేవాడు. గుంటూరు, కర్నూలు, నల్గొండ వైపు మిత్రులు మీ ఇళ్ళల్లో ముసలివాళ్ళు బతికుండగానే అడగండి. ముఖ్యంగా ఆడవాళ్ళని అడగండి. రంపె వెనక కాడను ఏమంటారో నాకు ఇంకా దొరకలేదు. మామ్మకు తాత అనే మాట నోటిదాకా వస్తోంది గానీ బయటికి రావడం లేదు. వేసవి సెలవుల్లో కోటనందూరు వైపు ఒక ముసలాయన ఉన్నాడని చెప్పారు, వెళ్ళి అడగాలి.